పాత 8085 బోర్డు వెలగడం లేదా? ఐసీలు కొనే ముందు ఇది చదవండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు 8085 మైక్రోప్రాసెసర్ ల్యాబ్ చేశాను. ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉంటున్నాను. ఇక్కడ పాత ఎలక్ట్రానిక్ సామాన్ల సంతలో ఇంటెల్ ఎస్‌డీకే-85 బోర్డు ఒకటి దొరికింది. మా కాలేజీ కిట్‌లో ఉండే 8255 పోర్టు ఐసీ గానీ, 74ఎల్‌ఎస్373 లాచ్ గానీ, 6264 ర్యామ్ గానీ ఇందులో కనిపించడం లేదు. 5 వోల్టులు ఇచ్చాను, డిస్‌ప్లే మీద ఏమీ రాలేదు. మైనస్ 10 వోల్టుల పాయింటు కూడా ఉంది, దానికి ఏమీ ఇవ్వలేదు. ఏ ఐసీ మార్చాలి? బాగయ్యాక నా పాత రికార్డు బుక్‌లోని ప్రోగ్రాములు ఇందులో నడుస్తాయా?"

పొట్టి జవాబులు ముందే చెప్పేస్తాను. ఇప్పుడే ఏ ఐసీ మార్చకండి. మైనస్ 10 వోల్టులు మీకు అక్కర్లేదు, అది టెలిటైప్ (పాతకాలపు టైపు, ప్రింటు యంత్రం) కోసం. రికార్డు బుక్ ప్రోగ్రాములు నడుస్తాయి గానీ, ఉన్నవి ఉన్నట్టు కొడితే నడవవు.

నేను ఒక పాలిటెక్నిక్‌లో 27 ఏళ్లు మైక్రోప్రాసెసర్ ల్యాబ్ చూసుకున్నాను. పాడైన కిట్లు ఎన్ని నా బల్ల మీదకి వచ్చాయో లెక్క లేదు. వాటిలో 8085 నిజంగా కాలిపోయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ సప్లై, సాకెట్, కీ, లేదా ఎవరో ఊడబీకిన జంపర్ (రెండు పాయింట్లను కలిపే చిన్న తీగ). మా బీరువాలో ఒక కిట్ ఏడాది పాటు "సీపీయూ డెడ్" అని కాగితం అంటించి పడి ఉంది. నాకంటే ముందున్నాయన దానికి 8085 మార్చారు, ఈప్రామ్ (ప్రోగ్రాం ఉండే మెమరీ ఐసీ) మార్చారు, చివరికి కీబోర్డు, డిస్‌ప్లే చూసుకునే 8279 కూడా మార్చారు. నేను మీటర్ పెట్టి చూస్తే సీపీయూ 36వ పిన్ను సున్నా వోల్టుల దగ్గరే కూర్చుని ఉంది. అది రీసెట్ ఇన్. రీసెట్ కీ లోపల స్ప్రింగ్ విరిగి, ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టు ఉండిపోయింది. మూడు కొత్త ఐసీలు, అసలు రోగం ఒక స్ప్రింగు.

అందుకే ముందు ఈ బోర్డు ఎలా నడుస్తుందో చెప్తాను. అది తెలిస్తే ఎక్కడ మీటర్ పెట్టాలో మీకే తడుతుంది. మీ దగ్గరున్నది 1977 నాటి డిజైన్, ఒక్కో తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో మొత్తం బుర్రలో పట్టేంత చిన్నది.

1974లో వచ్చిన 8080కి మూడు రకాల సప్లై కావాలి: ప్లస్ 5, మైనస్ 5, ప్లస్ 12. దానికితోడు క్లాక్ కోసం 8224, బస్సు సంకేతాల కోసం 8228 పక్కన ఉండాల్సిందే. 1976లో 8085 వచ్చేసరికి ఆ రెండు ఐసీల పని సీపీయూ లోపలికే వెళ్లిపోయింది, ఒక్క 5 వోల్టుల సప్లై సరిపోయింది. పేరు చివరి 5 అదే. పైగా ట్రాప్, ఆర్‌ఎస్‌టీ 5.5, 6.5, 7.5 అనే ఇంటరప్టులు (నడుస్తున్న పని ఆపించి సీపీయూని పిలిచే సంకేతాలు), సీరియల్ కోసం ఎస్‌ఐడీ, ఎస్‌ఓడీ అనే రెండు పిన్నులు కొత్తగా చేర్చారు. కానీ ప్యాకేజీకి కాళ్లు 40 మాత్రమే. ఇన్ని కొత్త సంకేతాలకు చోటు ఎక్కడి నుంచి వస్తుంది? 8080లో విడివిడిగా ఉన్న డేటా లైన్లనూ, అడ్రస్ కింది సగాన్నీ కలిపి ఒకే ఎనిమిది పిన్నుల మీద పెట్టేశారు. 12 నుంచి 19 వరకు ఉన్న ఏడీ0–ఏడీ7 అవే. ఒకే గుమ్మంలోంచి ముందు చిరునామా వస్తుంది, తర్వాత సరుకు వస్తుంది. ఇప్పుడు వస్తున్నది చిరునామా అని చెప్పే గంట 30వ పిన్ను మీది ఏఎల్‌ఈ.

వైవాలో ఈ ఏఎల్‌ఈ ప్రశ్న అడగని ఎక్స్‌టర్నల్‌ను నేను చూడలేదు. "లోయర్ ఆర్డర్ అడ్రస్‌ను లాచ్ చేయడానికి సార్" అని అందరూ బట్టీ కొట్టి చెప్తారు. ఎందుకు లాచ్ చేయాలంటే చాలామందికి నోరు పెగలదు. మామూలు మెమరీ చిప్‌కు చిరునామా చివరి దాకా నిలబడి ఉండాలి. 8085 మాత్రం మధ్యలో దాన్ని తీసేసి అదే లైన్ల మీద డేటా నడుపుతుంది. కాబట్టి మధ్యలో ఎవరో ఒకరు ఆ చిరునామాను పట్టుకుని ఉంచాలి. మీ కాలేజీ కిట్‌లో ఆ పని 74ఎల్‌ఎస్373 చేసేది.

ఎస్‌డీకే-85లో 373 లేదంటే అవసరం లేక కాదు. దానిలాంటి లాచ్ ఇంకో రెండు ఐసీల కడుపులో ఉంది. బోర్డు మీద 8355, 8155 అనే పెద్ద ఐసీలు చూడండి. 8355లో 2 కిలోబైట్ల రోమ్, రెండు ఎనిమిది బిట్ల పోర్టులు ఉంటాయి. 8155లో 256 బైట్ల ర్యామ్, రెండు ఎనిమిది బిట్ల పోర్టులు, ఒక ఆరు బిట్ల పోర్టు, 14 బిట్ల టైమర్ ఉంటాయి. ఈ రెండింటికీ ఏఎల్‌ఈ నేరుగా వెళ్తుంది, చిరునామాను అవే పట్టుకుంటాయి. అంటే సీపీయూతో కలిపి మూడంటే మూడు ఐసీలతో పూర్తి కంప్యూటర్ తయారు. ఆ మూడు ఐసీల జట్టును ఇంజనీర్లకు పరిచయం చేయడానికే ఇంటెల్ ఈ కిట్ తెచ్చింది. మన కాలేజీ కిట్లు తర్వాత తరానివి. వాటిని చేసేనాటికి 6264, 2764 లాంటి మామూలు మెమరీ చిప్పులు చవకగా, ఎక్కడ పడితే అక్కడ దొరికేవి. ఒక 373 పెట్టుకుంటే 256 బైట్ల బదులు 8 కిలోబైట్ల ర్యామ్ వస్తుంది. వ్యాపారపరంగా అదే సరైన నిర్ణయం. చదువుపరంగా మాత్రం పాత బోర్డే నాకు ఎక్కువ ఇష్టం.

మీ బోర్డులో 8755 అని రాసి, పైన గాజు కిటికీ, దాని మీద స్టిక్కర్ ఉన్న ఐసీ ఉందేమో కూడా చూడండి. అది 8355కి ఈప్రామ్ రూపం. ఉంటే ఆ స్టిక్కర్ పీకొద్దు. నేరుగా ఎండ పడితే వారాల్లో, ట్యూబ్‌లైట్ పడితే ఏళ్లలో లోపలి ప్రోగ్రాం చెరిగిపోతుంది.

ఇక ఏ చిరునామా ఏ ఐసీది అనేది తేల్చేది 8205. పేరు కొత్తగా ఉన్నా మీకు తెలిసిన 74ఎల్‌ఎస్138 పనే, మూడు లైన్లు చూసి ఎనిమిదిలో ఒకదాన్ని ఎంచుతుంది. ఏ11, ఏ12, ఏ13 దానికి వెళ్తాయి. కాబట్టి మెమరీ 2 కిలోబైట్ల గదులుగా విడిపోతుంది. చిరునామాలు, పోర్టు నంబర్లు అన్నీ హెక్స్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో చెప్తున్నాను. 0000 నుంచి మానిటర్ రోమ్ (మానిటర్ అంటే కీలు, డిస్‌ప్లే నడిపే బోర్డు సొంత ప్రోగ్రాం). 0800 నుంచి రెండో రోమ్‌కు ఖాళీ చోటు. 1800 నుంచి కీబోర్డు, డిస్‌ప్లే చూసుకునే 8279. 2000 నుంచి ర్యామ్. 2800 నుంచి ఇంకో 8155 పెట్టుకోవడానికి చోటు. ఆ అదనపు ఐసీల కోసం బోర్డు మీద గుర్తులు గీసి ఉంటాయి, పక్కనే మీ సొంత సర్క్యూట్ వైర్-ర్యాప్ చేసుకోవడానికి పెద్ద ఖాళీ స్థలం కూడా ఉంటుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. ర్యామ్ గది 2 కిలోబైట్లు, అందులో కాపురం ఉన్నది 256 బైట్లు. 8155కి చిరునామాలో కింది ఎనిమిది బిట్లు మాత్రమే కనిపిస్తాయి. కాబట్టి మీరు 2100లో 55 రాస్తే 2000లో కూడా 55 కనిపిస్తుంది. 2200లోనూ అంతే, 2700 దాకా ఇదే వరస. "ర్యామ్ ఎక్కువే ఉన్నట్టుంది" అని మురిసిపోకండి, ఒకటే గదికి ఎనిమిది తలుపులు.

8279 సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. దానికి కమాండ్ వేరు, డేటా వేరు అని చెప్పడానికి ఏ0 అని ఒక కాలు ఉంది. మీ కాలేజీ కిట్‌లో లాచ్ చేసిన లైన్ ఒకటి దానికి వెళ్లేది. ఇక్కడ బయట లాచ్ లేదు, 8279 లోపలా లేదు. మరి ఏం చేశారు? ఎప్పుడూ చెదరని పై సగం నుంచి ఏ8 లైను తెచ్చి ఇచ్చారు. అందుకే ఎస్‌డీకే-85లో 8279 డేటా 1800లో, కమాండ్ 1900లో ఉంటుంది. మాన్యువల్‌లో ఈ రెండు చిరునామాలు చూసి "మధ్యలో ఇంత ఎడం ఎందుకు?" అని ఒకప్పుడు నేనూ అనుకున్నాను. కారణం ఒక్క లాచ్ మిగుల్చుకోవడమే.

పోర్టు నంబర్లు కూడా ఇలాగే కుదురుతాయి. ఇన్, అవుట్ ఆదేశాల్లో 8085 పోర్టు నంబరును కింది సగం మీదా, పై సగం మీదా రెండు చోట్లా ఒకేసారి పెడుతుంది. పోర్టు 20 అంటే పై సగంలోనూ 20 కనిపిస్తుంది, 8205 దాన్ని 2000 గదిగానే చూస్తుంది, 8155ని లేపుతుంది. మెమరీనా, పోర్టా అన్నది ఐఓ/ఎం లైను చెప్తుంది. కాబట్టి 8155 పోర్టులు 20 నుంచి 25 వరకు, 8355 పోర్టులు 00 నుంచి 03 వరకు. వీటి కోసం వేరే డీకోడర్ లేదు. నంబర్లు ఎవరో ఇష్టమొచ్చినట్టు ఇచ్చినవి కావు, తీగల నుంచే వచ్చాయి.

ఆ 256 బైట్లు కూడా మొత్తం మీవి కావు. 2000 నుంచి 20సీ1 వరకు మీది, అంటే 194 బైట్లు. 20సీ2 నుంచి పైన మానిటర్ తన స్టాక్ (తాత్కాలికంగా విలువలు దాచుకునే చోటు), మీ రిజిస్టర్ల నకళ్లు, ఇంటరప్టుల జంప్ చోట్లు పెట్టుకుంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

సింగిల్ స్టెప్ కీ గురించి ఒక మాట. దీని కోసం బోర్డు మీద ప్రత్యేకమైన హార్డ్‌వేర్ అంటూ ఏమీ లేదు. మానిటర్ 8155లోని టైమర్‌ను ఒక లెక్క ప్రకారం నింపి వదిలి, మీ ప్రోగ్రాంలోకి దూకుతుంది. మీ ఆదేశం ఒకటి నడిచేలోగా టైమర్ అయిపోయి ట్రాప్ పిన్నును తడుతుంది. ట్రాప్‌ను ఎవరూ కాదనలేరు, సీపీయూ 0024కి వచ్చి తీరాలి. అక్కడ మానిటర్ మీ రిజిస్టర్లు దాచి, తర్వాతి చిరునామా చూపిస్తుంది. అలారం పెట్టుకుని పడుకోవడం లాంటిదే. నాకు ఈ బోర్డు మొత్తంలో బాగా నచ్చింది ఇదే.

అదే కాలంలో 1976లో వచ్చిన కిమ్-1 కూడా ఇదే తరహా ఒంటి బోర్డు కంప్యూటర్. మాస్ టెక్నాలజీ వాళ్లు 6502తో చేశారు, 245 డాలర్లకు అమ్మారు. దానిలోనూ ఆరు అంకెల డిస్‌ప్లే, హెక్స్ కీలు. రోమ్, పోర్టులు, టైమర్ కలిసి ఉండే 6530లు రెండు. ర్యామ్ మాత్రం కిలోబైట్‌కు పైనే, పైగా ప్రోగ్రాంను క్యాసెట్‌లో దాచుకునే సదుపాయం. ఎస్‌డీకే-85లో క్యాసెట్ లేదు. కరెంటు పోతే కొట్టిందంతా గాలికి పోతుంది. మన ఊళ్లలో ప్రాక్టికల్ పరీక్ష మధ్యలో కరెంటు పోతే విద్యార్థుల ముఖాలు ఎలా ఉండేవో మీకు గుర్తుండే ఉంటుంది.

ఇక బాగుచేయడం. ఈ క్రమంలోనే వెళ్లండి, దాటేయొద్దు.

మొదట సప్లై. బోర్డుకు 5 వోల్టుల దగ్గర 1.3 ఆంపియర్ల వరకు కావాలి. ఫోన్ ఛార్జర్ తీగ కోసి పెట్టుకుంటే కుదరదు. కరెంటు పరిమితి పెట్టగల బెంచ్ సప్లై తెచ్చుకోండి, 1.5 ఆంపియర్లకు కట్టండి. ఇచ్చే ముందు మీటర్‌తో 5 వోల్టుల లైనుకూ గ్రౌండ్‌కూ మధ్య రెసిస్టెన్స్ చూడండి. దాదాపు సున్నా చూపిస్తే ఆగండి, పాత టాంటలం కెపాసిటర్ ఏదో షార్ట్ అయి ఉంటుంది. సప్లై దగ్గర 5 ఉంటే చాలదు, సీపీయూ 40, 20 పిన్నుల మధ్య ఎంత ఉందో ఐసీ కాళ్ల మీదే కొలవండి. సాకెట్ మీద కాదు, కాలు మీద. ఈ రెండింటికీ తేడా వచ్చిందంటే మీ రోగం అక్కడే దొరికింది.

రెండోది సాకెట్లు. ఇన్నేళ్ల తర్వాత ఐసీ కాళ్లు నల్లబడి ఉంటాయి. ఒక్కో ఐసీని రెండు వైపులా కొంచెం కొంచెం లేపుతూ తీసి, కాళ్లను పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా రుద్ది, ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ పెట్టండి. తీసే ముందు ఐసీ మీది గాటు ఏ వైపు ఉందో ఫోటో తీసుకోండి. చేతికి గ్రౌండ్ పట్టీ కట్టుకోండి, లేదా కనీసం ముందు ఏదైనా గ్రౌండ్ అయిన లోహాన్ని తాకండి. ఇవి పాతకాలపు ఎన్‌మాస్ ఐసీలు, స్టాటిక్‌కు సుకుమారం. నేను చూసిన "డెడ్" కిట్లలో సగం ఇక్కడే లేచి కూర్చున్నాయి.

మూడోది, సీపీయూ బతికే ఉందా అని నాడి చూడటం. ఆసిలోస్కోప్ ఉంటే మంచిది, లేకపోతే చవక లాజిక్ ప్రోబ్ (లైను పైకి ఉందా, కిందకి ఉందా చూపే పెన్ను లాంటిది) చాలు. 36వ పిన్ను పైకి (5 వోల్టుల వైపు) ఉండాలి, రీసెట్ నొక్కితే కిందకి (సున్నా వైపు) రావాలి. 35 రెడీ, అది పైకి ఉండాలి. 39 హోల్డ్, అది కిందకి ఉండాలి. బోర్డులో జంపర్లు ఎవరైనా పీకి ఉంటే ఈ చివరి రెండూ గాల్లో వేలాడుతూ సీపీయూని ఆపేస్తాయి. 37 మీద క్లాక్ రావాలి. క్రిస్టల్ 6.144 మెగాహెర్ట్జ్, లోపల సగమై 3.072 బయటికి వస్తుంది. తర్వాత 30, మన ఏఎల్‌ఈ. అది కొట్టుకుంటూ ఉంటే సీపీయూ పనిచేస్తోందనే అర్థం, సరైన పని చేస్తోందా అన్నది వేరే ప్రశ్న.

డిస్‌ప్లే కూడా కొన్ని సంగతులు చెప్తుంది. 8279 తన స్కానింగ్ తానే చేసుకుంటుంది, సీపీయూ ఆగిపోయినా అంకెలు వెలుగుతూనే ఉంటాయి. కానీ దానికి క్లాక్ 8085 నుంచే రావాలి. ఆరింటిలో ఒకే ఒక్క అంకె మామూలు కంటే ఎక్కువగా మండుతుంటే స్కానింగ్ ఆగిపోయింది, అంటే క్లాక్ అందడం లేదు. వెంటనే సప్లై తీసేయండి, ఆ ఎల్‌ఈడీ కాలిపోగలదు. ఏవేవో పిచ్చి గీతలు వెలుగుతుంటే 8279 బాగానే ఉంది, మానిటర్ దాన్ని పలకరించలేదు.

ఇంకోటి, ఇది చాలామంది మర్చిపోతారు. రీసెట్ అయ్యాక మానిటర్ ఎస్‌ఐడీ లైను చూసి, పక్కన టెలిటైప్ ఉందా, కీబోర్డే వాడాలా అని నిర్ణయించుకుంటుంది. ఆ ఎంపికకు బోర్డు మీద జంపర్ ఉంటుంది. పాత యజమాని టెలిటైప్ వాడి ఉంటే అది అటువైపే ఉండిపోతుంది. అప్పుడు బోర్డు నిక్షేపంగా ఉండి కూడా మీతో మాట్లాడదు. మీ కేసులో నా మొదటి అనుమానం సాకెట్లు, రెండోది ఇదే.

ఇవన్నీ సరిగా ఉండి ఇంకా రాకపోతే ఒక పాత చిట్కా. 8155, 8355, 8279 మూడూ సాకెట్లలో ఉంటే తీసేయండి. ఏడీ0 నుంచి ఏడీ7 వరకు ఒక్కో లైనుకు 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్ గ్రౌండ్‌కు కట్టండి. ఇప్పుడు సీపీయూ ఎక్కడ చదివినా 00 కనిపిస్తుంది, అది ఎన్‌ఓపీ. అంటే ఏమీ చేయకుండా 0000 నుంచి చివరి దాకా నడుచుకుంటూ పోయి మళ్లీ మొదటికి వస్తుంది. ఒక్కో ఎన్‌ఓపీకి 4 టీ-స్టేట్లు (క్లాక్ టిక్కులు). 65,536 చిరునామాలకు 2,62,144 టీ-స్టేట్లు. 3.072 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక చుట్టు 85 మిల్లీసెకన్లు. కాబట్టి 28వ పిన్ను, ఏ15 మీద ప్రోబ్ పెడితే సెకనుకు 12 సార్లకు కొంచెం తక్కువగా మిణుకుతుంది, కంటికి తెలుస్తుంది. 27 మీద దానికి రెట్టింపు, 26 మీద ఇంకా రెట్టింపు. ఈ వరస కుదిరితే 8085కి ఢోకా లేదు, ఇక దాని జోలికి పోవద్దు. ఒక్క జాగ్రత్త: 8155 తీసేశారు కాబట్టి ట్రాప్, అంటే 6వ పిన్ను, గాల్లో ఉంటుంది. అది ఊరికే ఇంటరప్టులు పుట్టిస్తుంది. ఒక కిలోఓమ్ రెసిస్టర్‌తో దాన్ని కూడా గ్రౌండ్‌కు కట్టండి. నేను మొదటిసారి ఇది మర్చిపోయి, బాగున్న సీపీయూని పాడైందనుకుని ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

తర్వాత రెసిస్టర్లు తీసేసి మూడు ఐసీలూ పెట్టేయండి. బోర్డు బాగుంటే రీసెట్ కొట్టగానే "-80 85" అని వస్తుంది. అది చూసినప్పుడు కలిగే సంతోషం మీకే వదిలేస్తాను.

ఇక రికార్డు బుక్. మీ కాలేజీ కిట్‌లో ర్యామ్ 8000లోనో, 4000లోనో, ఇంకెక్కడో ఉండి ఉంటుంది. ఒక్కో తయారీదారుది ఒక్కో లెక్క. ఇక్కడ 2000. ప్రోగ్రాంలో జంప్, కాల్, ఎల్‌డీఏ, ఎస్‌టీఏ, ఎల్‌ఎక్స్‌ఐ హెచ్ వచ్చిన ప్రతిచోటా చిరునామా మార్చాలి. కింది బైటు ముందు, పై బైటు తర్వాత అన్న సంగతి మర్చిపోకండి. డేటాను 8500లో పెట్టుకునే అలవాటు ఉంటే ఇక్కడ 2050 లాంటి చోటుకు తెచ్చుకోండి. 2500లో పెడితే ఏమవుతుందో పైన ఎనిమిది తలుపుల కథలో చెప్పాను: అది తిరిగి 2000 మీదే పడి మీ ప్రోగ్రాంనే చెరిపేస్తుంది.

స్టాక్ వాడే ప్రోగ్రామైతే ఎల్‌ఎక్స్‌ఐ ఎస్‌పీ తర్వాత 20సీ2 పెట్టండి. స్టాక్ కిందకి పెరుగుతుంది కాబట్టి మొదటి బైటు 20సీ1లో పడుతుంది, మానిటర్ చోటు జోలికి పోదు. మన రికార్డుల్లో ప్రోగ్రాం చివర హెచ్‌ఎల్‌టీ (సీపీయూని ఆపేసే ఆదేశం) రాసేవాళ్లం. ఇక్కడ బదులుగా ఆర్‌ఎస్‌టీ 1, అంటే సీఎఫ్, రాయండి. సీపీయూ రిజిస్టర్లన్నీ దాచి మానిటర్‌కి తిరిగొస్తుంది, ఎగ్జామ్ రెజ్ కీతో ఏ రిజిస్టర్‌లో ఏముందో చూసుకోవచ్చు. హెచ్‌ఎల్‌టీ పెడితే రీసెట్ కొట్టాలి, రిజిస్టర్లు చూసే అవకాశం పోతుంది.

డిస్‌ప్లే మీద అంకెలు చూపే ప్రోగ్రాములు మీ రికార్డులో ఉంటే వాటిలో మానిటర్ రొటీన్లను పిలిచే కాల్‌లు ఉంటాయి. ఆ చిరునామాలు ఇక్కడ పనికిరావు. ఎస్‌డీకే-85లో డీఈ జంటను అడ్రస్ అంకెల్లో చూపే రొటీన్ 0363లో, ఏ రిజిస్టర్‌ను డేటా అంకెల్లో చూపేది 036ఈలో ఉన్నాయి. మానిటర్ మొత్తం సోర్స్ లిస్టింగ్ మాన్యువల్‌లోనే అచ్చు వేశారు, దాన్ని సంపాదించి ఒకసారి ఆసాంతం చదవండి. 2 కిలోబైట్లే కాబట్టి ఒక ఆదివారం సరిపోతుంది.

8255 ప్రోగ్రాములు మాత్రం కొత్తగా రాసుకోవాల్సిందే. 80 అనే కంట్రోల్ వర్డ్ ఇక్కడ చెల్లదు. 8155కి పోర్టు 20లో కమాండ్ రాయాలి. అందులో మొదటి బిట్ ఏ పోర్టుది, రెండో బిట్ బీ పోర్టుది, 1 పెడితే అవుట్‌పుట్. 03 రాస్తే రెండూ అవుట్‌పుట్లు. 8355లో ఇంకా స్వేచ్ఛ ఉంది, 02, 03 పోర్టుల్లో ఏ బిట్‌కు ఏ దిశ అనేది విడివిడిగా చెప్పొచ్చు.

టెలిటైప్ గురించి అడగలేదు గానీ ఒక ముక్క. ఆ మైనస్ 10 వోల్టులు 20 మిల్లీఆంపియర్ల కరెంట్ లూప్ కోసం. వేగం 110 బాడ్, అంటే సెకనుకు పది అక్షరాలు. బోర్డు మీద యూఏఆర్‌టీ (సీరియల్ పని చూసుకునే ఐసీ) లేదు, మానిటరే ఎస్‌ఓడీ పిన్నును డిలే లూపులతో కిందకీ మీదకీ ఆడిస్తుంది. ఒక్కో బిట్‌కు దాదాపు 27,927 టీ-స్టేట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది. అందుకే "దగ్గర దగ్గరగా ఉంది కదా" అని క్రిస్టల్ మార్చేయకండి. 3.072 మెగాహెర్ట్జ్‌కు ఇంకో సుగుణం ఉంది: 9600తో భాగిస్తే సరిగ్గా 320 వస్తుంది. మీరు సొంతంగా సీరియల్ రొటీన్ రాసుకోవాలనుకుంటే లెక్క తేలిక.

"-80 85" వచ్చాక మొదట ఇది కొట్టి చూడండి. సబ్‌స్ట్ మెమ్ నొక్కి 2000, నెక్స్ట్. తర్వాత ఒక్కో బైటుకూ నెక్స్ట్ నొక్కుతూ: 3ఈ 03 డీ3 20 3ఈ ఎఫ్ఎఫ్ డీ3 21 76. చివర ఎగ్జెక్ నొక్కి బయటికి రండి. ఆపైన గో, 2000, ఎగ్జెక్. 8155 మీద 21 నుంచి 28 వరకు పిన్నులన్నీ పైకి రావాలి, మీటర్‌తో చూడండి. ఇక్కడ చివర కావాలనే హెచ్‌ఎల్‌టీ పెట్టాను, మానిటర్ మళ్లీ వచ్చి 8155ని కదిలించకుండా. డిస్‌ప్లే మీద "b", "d" చిన్న అక్షరాల్లో కనిపిస్తే కంగారు పడకండి, పెద్ద బీ అయితే 8లా, పెద్ద డీ అయితే 0లా కనిపిస్తాయి మరి.

ఈ లోపు 36, 37, 30, 35, 39 పిన్నుల దగ్గర మీ ప్రోబ్ ఏం చూపిందో, 40వ పిన్ను మీద ఎన్ని వోల్టులు వచ్చాయో రాయండి. బోర్డు రెండు వైపులా ఫోటోలు కూడా పెట్టండి, ముఖ్యంగా ఆ టెలిటైప్ జంపర్ దగ్గర.